మూలిగే మోటారుకి బటన్ నొక్కొద్దు

అయ్యా,

ఎండలు ముదిరాయంటే ఆకివీడు, ఉండి, కాళ్ల వైపు వైండింగ్ షాపుల ముందు చేపల, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్ల కాలిన మోటార్లు వరస కడతాయి. వాటిలో చాలావాటిని కాల్చింది కరెంటు కాదు. తిరగని మోటారుకి పచ్చబటన్ పదేపదే నొక్కడం, ఎక్కువ కరెంటు లాగితే మోటారుని ఆపే రిలే పడిపోతోందని, అది పడకుండా పుల్ల దోపడం.

మోటారు తిరగకుండా మూలుగుతుంటే, దానికి వచ్చే మూడు కరెంటు తీగల్లో (ఫేజుల్లో) ఒకటి పోయిందేమోనని ముందు అనుమానించాలి. స్టార్టర్‌ని పట్టి ఉంచే కాయిల్‌కి రెండు ఫేజులుంటే చాలు. పోయింది మూడోదైతే స్టార్టర్ మామూలుగానే పట్టుకుంటుంది, మోటారు కదలదు. నిలబడే నాలుగైదు రెట్ల ఆంపియర్లు లాగి మాడిపోతుంది. కాయిల్‌కి వెళ్లే ఫేజే పోతే స్టార్టర్ అసలు పట్టదు. ఒకరకంగా అది అదృష్టమే.

ఇక్కడ టెస్టర్‌ని నమ్మకూడదు. పక్క చెరువు మోటారు తిరుగుతుంటే దాని వైండింగ్ గుండా పోయిన ఫేజులోకి కూడా కరెంటు వచ్చి టెస్టర్ వెలుగుతుంది. మీటరుతో ఏ రెండు ఫేజుల మధ్య చూసినా సుమారు 415 వోల్టులు రావాలి. స్టార్టర్‌కి వచ్చేచోట సరిగ్గా ఉండి, మోటారు వైర్లు విప్పి చూసినా బయటికి వెళ్లేచోట రాకపోతే కాంటాక్టు పాయింట్లు కాలినట్టు. మన ఉప్పుగాలికి తీగల చివర బిగించే లగ్గులు పచ్చగా చిలుము పట్టడం కూడా మామూలే. మెయిన్ ఆపి, గీకి, బిగించాలి. ఒక ఫేజులో బల్బు బాగా వెలిగి, మిగతా రెండింటిలో సగమే వెలిగితే ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీ వైపు ఫ్యూజు పోయినట్టు. అది లైన్‌మన్ పని, గెడకర్ర పని కాదు.

మూడు ఫేజులూ ఉన్నా తిరగకపోతే ఫ్యూజులు పీకేసి షాఫ్టును చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుంటే బేరింగో, గేర్‌బాక్సో, రెక్కలకు చుట్టుకున్న నాచో. వరిచేలో పంపయితే షాఫ్టు చుట్టూ నీరు కారకుండా పెట్టే గ్లాండు మరీ బిగించడం, లేదా నీటిని తోసే ఇంపెల్లర్‌లో చేరిన ఒండ్రు.

కరెంటు పోయి వచ్చిన వెంటనే మాత్రమే మొరాయిస్తుంటే తప్పు, కరెంటు రాగానే తమంతట తామే మోటారు వేసే ఆటో స్టార్టర్లది. ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారే లేవబోతే వోల్టేజి కూలుతుంది. వోల్టేజి 80 శాతానికి పడితే మోటారు తిప్పే బలం 64 శాతానికి పడుతుంది. గట్టుమీద రైతులు మాట్లాడుకుని టైమర్లను పది పది సెకన్ల తేడాతో పెట్టుకుంటే ఈ గొడవ తీరుతుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటే వేళకి ఇదే అన్నిటికన్నా అక్కరకొస్తుంది.

నీళ్లలో మునిగిన మోటారుని ఆరబెట్టకుండా వేయనే వేయకూడదు. ఉప్పునీరైతే ముందు మంచినీళ్లతో కడగాలి. తర్వాత మూతలు తీసి, పక్కన వేడెక్కే పాతరకం 100 వాట్ల బల్బు వెలిగించి రాత్రంతా ఉంచాలి. ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో వైండింగ్‌కీ బాడీకీ మధ్య చూస్తే కనీసం ఒక మెగోమ్ రావాలి. అంతకన్నా తక్కువైతే ఇంకో రోజు ఆరబెట్టాలి.

స్టార్టర్ అమ్మే షాపులవారికి ఒక మనవి. రిలే ఆంపియర్ల సెట్టింగును గరిష్ఠానికి తిప్పి ఇవ్వకండి. 5 హెచ్‌పీ మోటారుకి దాదాపు 7.5 ఆంపియర్లు, మోటారు ప్లేటు మీద వేరే అంకె ఉంటే అదే లెక్క. మోటారుని మొదట తక్కువ వోల్టేజితో లేపే స్టార్-డెల్టా స్టార్టర్‌లో రిలే వైండింగ్ వైర్ల మీద ఉంటే ఆ ఆంపియర్లలో 58 శాతమే పెట్టాలి. ఈ తేడా తెలియక మోటార్లు కాల్చుకుంటున్నవారు ఎందరో.

— ఒక వైండింగ్ మెకానిక్, ఆకివీడు