ప్రతి కాయిల్‌కూ డయోడ్ తగదు

సంపాదకులకు నమస్కారాలు.

విద్యుదయస్కాంతంతో పనిచేసే స్విచ్‌లైన రిలే, కాంటాక్టర్ల కాయిళ్లకు సరఫరా ఆపినప్పుడు పుట్టే వోల్టేజ్ స్పైక్ గురించి మీ సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసం దాని కారణాన్ని చక్కగా వివరించింది. కాయిల్‌లో పారుతున్న కరెంటును ఒక్కసారిగా తెంచితే అందులో నిల్వ ఉన్న అయస్కాంత శక్తికి వేరే దారి ఉండదు కాబట్టి, 24 వోల్టుల కాయిల్ కొసల మధ్య కూడా వందల వోల్టులు లేస్తాయి. వాటి దెబ్బకు పీఎల్‌సీ (యంత్రాలను నడిపే ప్రోగ్రామబుల్ కంట్రోలర్) ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోవడం, స్విచ్ కాంటాక్టులు నల్లబడటం ప్యానెల్ పని చేసేవారికి కొత్త కాదు. ఇంతవరకు వ్యాసంతో పేచీ లేదు. కాయిల్‌కు సమాంతరంగా ఒక డయోడ్ (కరెంటును ఒక్క దిశలోనే పోనిచ్చే భాగం) కడితే చాలన్న చివరి సలహా మాత్రం సగమే నిజం.

డయోడ్ స్పైక్‌ను అణచడంలో అన్నిటికన్నా సమర్థమైనది, చవకైనది. అందులో సందేహం లేదు. సరఫరా ఆగాక కాయిల్ కొసల మధ్య సుమారు 0.7 వోల్టులకు మించి లేవనివ్వదు. చిక్కు కూడా అక్కడే ఉంది. ఎదురు వోల్టేజ్ ఎంత తక్కువైతే కరెంటు అంత నిదానంగా తగ్గుతుంది, ఆర్మేచర్ (కాయిల్ లాగి పట్టుకునే కదిలే ఇనుప ముక్క) అంత ఆలస్యంగా విడుతుంది. డయోడ్ కడితే విడిపోయే సమయం 6 నుంచి 10 రెట్లు కావచ్చని కాంటాక్టర్ల కేటలాగులే హెచ్చరిస్తాయి. మామూలుగా 15 మిల్లీసెకన్లలో విడే కాంటాక్టర్ డయోడ్ వల్ల 120 మిల్లీసెకన్లు తీసుకుందనుకుందాం. సెకనుకు 1 మీటరు వేగంతో నడిచే కన్వేయర్ బెల్టు, అత్యవసర స్టాప్ బటన్ నొక్కాక ఆ అదనపు 105 మిల్లీసెకన్లలో 10 సెంటీమీటర్లకు పైగా ముందుకు పోతుంది. చెయ్యి ఇరుక్కున్నవాడికి ఆ 10 సెంటీమీటర్లు చిన్న దూరం కాదు. పైగా కరెంటు నిదానంగా చల్లారే కొద్దీ కాంటాక్టులు కూడా బద్ధకంగా తెరుచుకుంటాయి కాబట్టి, పెద్ద డీసీ లోడు మోసే రిలేలో ఆర్క్ ఎక్కువ సేపు నిలిచి కాంటాక్టులు అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది.

వేగంగా విడవాల్సిన డీసీ కాయిల్‌కు డయోడ్‌తో పాటు ఒక జీనర్‌ను (నిర్ణీత వోల్టేజ్ దాటాక ఎదురు దిశలోనూ కరెంటును పోనిచ్చే డయోడ్‌ను) ఎదురెదురుగా సిరీస్‌లో కలిపి కట్టడం మేలు. 24 వోల్టుల సరఫరా మీద 24 వోల్టుల జీనర్ వాడితే, ఆపే ట్రాన్సిస్టర్ మీద దాదాపు 49 వోల్టులు పడతాయి. అది 60 వోల్టులు తట్టుకునేదైతే ఇబ్బంది లేదు, విడిపోయే సమయం ఏ రక్షణా లేని కాయిల్‌కు దగ్గరగానే ఉంటుంది. ఒంటరి డయోడ్ ఆలస్యం లెక్కలోకి రాని సిగ్నల్ రిలేలకు సరిపోతుంది, కాకపోతే డయోడ్ మీద చార ఉన్న కొస ప్లస్ వైపు ఉండాలి. తిరగేసి కడితే అది షార్ట్‌ సర్క్యూటే. మొదటి ఆన్‌లోనే ఔట్‌పుట్ పోతుంది.

ఏసీ కాయిల్ సంగతి వ్యాసంలో ఒక్క మాటైనా లేకపోవడం నన్ను ఆశ్చర్యపరిచింది. ఏసీ కాయిల్‌కు డయోడ్ కడితే ప్రతి సైకిల్‌లో సగం షార్టవుతుంది, ఫ్యూజ్ ఎగురుతుంది. అక్కడ వారిస్టర్ (వోల్టేజ్ హద్దు మీరినప్పుడు కరెంటును తన గుండా పోనిచ్చే భాగం) కానీ, కెపాసిటర్, రెసిస్టర్ సిరీస్‌లో కలిపిన ఆర్‌సీ స్నబ్బర్ కానీ వాడాలి. 230 వోల్టుల ఏసీ శిఖరం 325 వోల్టులు కాబట్టి సాధారణంగా 275 వోల్టుల ఏసీ రేటింగ్ వారిస్టర్‌ను ఎంచుకుంటారు. అది కాంటాక్టర్ విడిపోవడాన్ని కొద్ది మిల్లీసెకన్లే ఆలస్యం చేస్తుంది. కానీ స్పైక్ ఎత్తును కత్తిరించడమే తప్ప అది లేచే వేగాన్ని తగ్గించలేదు, పదేపదే దెబ్బలు తిని క్రమంగా బలహీనపడుతుంది. వోల్టేజ్ లేచే వేగాన్ని తగ్గించేది స్నబ్బర్. సాధారణంగా 0.1 మైక్రోఫారడ్, 100 ఓములతో మొదలుపెడతారు. దాన్ని కాయిల్ మీద కాక స్విచ్ కాంటాక్టు మీద కడితే, కాంటాక్టు తెరిచి ఉన్నా 230 వోల్టులు, 50 హెర్ట్జ్ వద్ద 7 మిల్లీఆంపియర్ల వరకు కరెంటు దాని గుండా పారుతుంది. చిన్న ఏసీ రిలే విడవకుండా పట్టుకుని ఉండటానికి ఆ మాత్రం చాలవచ్చు.

ఏది ఎంచుకున్నా దాన్ని కాయిల్ ఏ1, ఏ2 టెర్మినళ్ల దగ్గరే బిగించాలి. ప్యానెల్‌లో టెర్మినల్ బ్లాక్ దగ్గర చక్కగా వరుసలో కనిపించాలని అక్కడ పెడితే, కాయిల్ దాకా ఉన్న పొడవాటి తీగ పక్కనున్న సిగ్నల్ తీగలకు విద్యుత్ గోల (నాయిస్) అంటిస్తుంది. ఎలక్ట్రానిక్ కాయిల్ ఉన్న కాంటాక్టర్లలో చాలావాటికి ఈ రక్షణ లోపలే ఉంటుంది కాబట్టి, బయట ఇంకొకటి చేర్చే ముందు దాని కేటలాగు చూసుకోవాలి.

ఆ వ్యాసానికి సవరణగా, ముఖ్యంగా అత్యవసర స్టాప్ సర్క్యూట్‌లోని కాంటాక్టర్లకు డయోడ్ కట్టేముందు విడిపోయే సమయాన్ని కొలిచి చూడాలన్న హెచ్చరికనైనా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక కంట్రోల్ ప్యానెల్ ఇంజినీరు