విద్యార్థి గడిలో తప్పు జవాబుకు చోటేదీ?

సంపాదకులకు నమస్కారం.

బీఎడ్ రెండేళ్లు ఉండాలా, ఏడాది చాలా అనే చర్చ మళ్లీ మొదలైంది. 2015 ముందు వరకూ మనకు ఏడాది కోర్సే ఉండేది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో అది రెండేళ్లయింది. నాలుగేళ్ల డిగ్రీ గానీ పీజీ గానీ చేసినవారికి మళ్లీ ఏడాది కోర్సు ఉండవచ్చని 2020 నాటి జాతీయ విద్యా విధానం అంటోంది. ఎన్నేళ్లన్నది పెద్దలే తేల్చుకుంటారు. ఆ ఏళ్లలో, ఒక సబ్జెక్టును ఎలా బోధించాలో నేర్పే మెథడ్ క్లాసులో ఏం జరుగుతోందన్నది మాత్రం అక్కడ కూర్చున్నవాళ్లే చెప్పాలి కాబట్టి ఈ ఉత్తరం.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాగా పద్దులు రాసిన మనిషిని. ముప్పై దాటాక గణితం మెథడ్‌తో బీఎడ్‌లో చేరాను. క్లాసులో అందరూ నాకంటే బాగా చిన్నవాళ్లు. నన్ను ‘అన్నా’ అనాలో ‘సార్’ అనాలో వాళ్లింకా తేల్చుకోలేదు. అడ్మిషన్ కోసం తిరుగుతున్నప్పుడు ఒకచోట నన్ను అడిగిన మొదటి ప్రశ్న మార్కుల గురించి కాదు, ‘రోజూ వస్తారా, రారా?’ అని. రాకపోతే ఒక ఫీజు, వస్తే ఒక ఫీజు. తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలని నిబంధన. అది కాగితం మీద భద్రంగానే ఉంది. దాని గురించి మీ పత్రికలో చాలామంది రాశారు, నేను పొడిగించను. రోజూ వచ్చే కళాశాలలోనే చేరాను. నా ఫిర్యాదు ఆ మంచి కళాశాలల్లో జరిగే చదువు గురించే.

పాఠ్య పథకం రాయడం నేర్పారు. లక్ష్యాలు, స్పష్టీకరణలు, ఉన్ముఖీకరణ, బోధనోపకరణాలు అన్నీ వరసగా రాశాక, పేజీని నిలువుగా గీసి ఒక గడిలో ఉపాధ్యాయ కృత్యం, పక్క గడిలో విద్యార్థి కృత్యం రాయాలి. ఉపాధ్యాయుడి గడి నిండా ప్రశ్నలుంటాయి. విద్యార్థి గడిలో ‘శ్రద్ధగా వింటారు’, ‘సరైన సమాధానం చెబుతారు’, ‘నోటు పుస్తకంలో రాసుకుంటారు’ అని ఉంటుంది. మాకు నమూనాగా ఇచ్చిన పాత రికార్డులన్నీ తిరగేశాను. వాటిలో ఒక్క పిల్లవాడు కూడా తప్పు చెప్పలేదు. ఒక్కడు కూడా కిటికీలోంచి బయటికి చూడలేదు. సీనియర్ల రికార్డుకు కొత్త అట్ట వేసి పెట్టేవాళ్లు ఊళ్లో ఉన్నారంటే ఆశ్చర్యమేముంది? ఏ బడిలోనైనా, ఏ ఏడాదైనా పిల్లలు ఒకేలా ప్రవర్తిస్తారని మనమే ముందుగా రాసిపెడుతుంటే ఆ రికార్డు ఎన్నిసార్లయినా పనికొస్తుంది.

తర్వాత సూక్ష్మబోధన, అంటే తోటి ట్రైనీలనే పిల్లలుగా కూర్చోబెట్టుకుని ఒక్కో బోధనా నైపుణ్యాన్ని సాధన చేసే చిన్న పాఠం. బోధనకు ఆరు నిమిషాలు, సలహాలకు ఆరు, మళ్లీ పథకం వేసుకోవడానికి పన్నెండు, పునర్బోధనకు ఆరు, మళ్లీ సలహాలకు ఆరు, మొత్తం 36 నిమిషాల చక్రం. డీఎస్సీకి చదివేవాళ్లకు ఈ 36 నోటికొచ్చు, ఎందుకంటే అక్కడ అడిగేవి ఇలాంటివే. నా వంతుకు దశాంశ భిన్నాలు తీసుకున్నాను. 0.35 పెద్దదా, 0.8 పెద్దదా అని అడిగాను. ఎదురుగా పిల్లలుగా కూర్చున్న పట్టభద్రులు ఏడో తరగతి వాళ్లలాగా చేతులెత్తి ‘0.8 సార్’ అని ఒకే గొంతుతో చెప్పారు. ‘వెరీ గుడ్’ అన్నాను. పునర్బలనం (మెచ్చుకుని ప్రోత్సహించడం) కింద ఒక టిక్కు, ప్రశ్నించే నైపుణ్యం కింద ఒక టిక్కు పడ్డాయి.

అదే ప్రశ్న సాయంత్రం మా వరండాలో లెక్కలు చేసుకునే ఇరుగుపొరుగు పిల్లలను అడిగాను. యార్డులో మిర్చి టిక్కీలు (బస్తాలు) మోసే హమాలీ కూతురు, ఏడో తరగతి. ‘0.35’ అంది. ఎందుకమ్మా అంటే ‘ఎనిమిది కంటే ముప్పై ఐదు పెద్దది కదా బాబాయ్’ అంది. ఇలాంటిచోట రూపాయలు, పైసలతో చెప్పమని మా పుస్తకం సలహా. 0.35 రూపాయి అంటే ఎంత? ‘ముప్పై ఐదు పైసలు.’ మరి 0.8 రూపాయి? ‘ఎనిమిది పైసలు.’ పుస్తకం సలహా అక్కడితో సరి. అసలు పైసలు చేత్తో పట్టుకోని తరానికి పైసల ఉదాహరణ ఏమిటో!

పక్కనున్న అబ్బాయి మాత్రం 0.8 అన్నాడు. అక్కడ ఆగి ఉంటే వాడికీ ‘వెరీ గుడ్’ దక్కేది. ఎందుకో అనుమానమొచ్చి 0.4, 0.75లలో ఏది పెద్దదన్నాను. ‘0.4’ అన్నాడు, ఏ తడబాటూ లేకుండా. ‘పదో వంతు పెద్ద ముక్క, వందో వంతు చిన్న ముక్క కదా.’ చుక్క తర్వాత అంకెలు తక్కువుంటే ఆ సంఖ్య పెద్దదని వాడి సిద్ధాంతం. ముక్క సైజు వాడికి తెలుసు, ఎన్ని ముక్కలన్నది పట్టించుకోలేదు. ఆ అమ్మాయికి ఎన్నన్నది తెలుసు, ముక్క సైజు పట్టలేదు. ఒకరిది తప్పు జవాబు, ఒకరిది ఒప్పు జవాబు, ఇద్దరికీ కావలసింది రెండు వేర్వేరు పాఠాలు. గళ్ల కాగితం మీద వంద గళ్ల చతురస్రం గీసి, ఎనిమిది వరసలు ఒక రంగు, మూడు వరసలూ ఐదు గళ్లూ ఇంకో రంగు వేయించాను. అమ్మాయికి దారి దొరికింది. అబ్బాయి ఇంకా వాదిస్తున్నాడు. ‘సున్నా చేర్చి 0.80 చేసుకోండి’ అని చెబితే నిమిషంలో ఇద్దరూ సరైన జవాబు రాసేవాళ్లే. కానీ 0.8కీ 0.80కీ తేడా ఏమిటని అడిగితే రెండోదే పెద్దదనే పిల్లలున్నారు.

కొట్లో సాయంత్రం పద్దు కలవకపోతే మా యజమాని కలిసిన వరసల జోలికి పోయేవాడు కాదు, తేడా వచ్చిన వరసలోనే వేలు పెట్టేవాడు. మెథడ్ క్లాసులో మాత్రం తేడా రాని వరసలే చూపిస్తున్నాం.

విచిత్రమేమిటంటే ఈ సంగతి మా సిలబస్‌లోనే ఉంది, పక్క పేపర్లో. మనోవిజ్ఞానం పేపర్లో, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన స్విస్ శాస్త్రవేత్త పియాజే చెప్పిన దశలన్నీ వయసులతో సహా వల్లిస్తున్నాం. ఆయన దారి మొదలైందే తప్పు జవాబుల దగ్గర. 1920 ప్రాంతంలో పారిస్‌లో పిల్లలకు ప్రజ్ఞా పరీక్షలు పెడుతూ, ఎంతమంది ఒప్పు చెప్పారన్నది పక్కనపెట్టి, ఒక వయసు పిల్లలు ఒకే తీరు తప్పు ఎందుకు చేస్తున్నారని అడగడం మొదలుపెట్టాడు. ఉదయం పీరియడ్‌లో ఇది రాసుకుని, మధ్యాహ్నం పీరియడ్‌లో ‘విద్యార్థులు సరైన సమాధానం చెబుతారు’ అని రాస్తున్నాం.

సూక్ష్మబోధన సంగతీ అంతే. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో దాన్ని మొదలుపెట్టినప్పుడు కొద్దిమంది నిజమైన బడిపిల్లలను కూర్చోబెట్టి పాఠం చెప్పించేవారు. మన ఎన్‌సీఈఆర్‌టీ నమూనాలో పిల్లల స్థానంలోకి తోటి ట్రైనీలు వచ్చారు. అప్పటి ఇబ్బందులు అర్థమవుతాయి. బడులను ఒప్పించడం తేలిక కాదు. మా మెథడ్ మేడం కూడా అదే అంటారు: ‘ట్రైనీలు వస్తే సిలబస్ ఆగిపోతుందని హెడ్మాస్టర్ల భయం, వాళ్లది తప్పు కాదు.’ నిజమే. కానీ నేనడుగుతున్నది తరగతిని మాకు అప్పగించమని కాదు.

రెండేళ్లలో 20 వారాలు బడిలో గడపాలని నిబంధన. అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే. మొదటి ఏడాది వాటాకు వచ్చే నాలుగు వారాలను, రికార్డులు రాయించాక కాకుండా, మొదటి సెమిస్టర్ మొదట్లోనే పెట్టవచ్చు. పాఠం చెప్పకుండా, వెనక బెంచీలో కూర్చుని పిల్లల నోటు పుస్తకాలు చూడడానికైతే ఏ సిలబసూ ఆగదు. బళ్లలో యూనిట్ పరీక్షలయ్యాక దిద్దిన జవాబు పత్రాలు బీరువాల్లో పడి ఉంటాయి. పేర్లు తీసేసి ఒక కట్ట మెథడ్ క్లాసుకు ఇస్తే, ఎన్ని మార్కులు వేయాలన్నది కాక, ఈ పిల్ల ఏమనుకుని ఇలా రాసిందన్నది ఒక వారం చర్చించుకోవచ్చు. పాఠ్య పథకంలో విద్యార్థి గడిని రెండుగా చీల్చి, రాగల తప్పు జవాబు ఒకటి, దానికి నేనేం అడుగుతాను అన్నది ఒకటి రాయమనాలి. ఇంటర్నల్ మార్కులు దానికే వేస్తే సీనియర్ల రికార్డులు వాటంతటవే అటకెక్కుతాయి.

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. మా క్లాసులో అందరి కళ్లూ తర్వాతి డీఎస్సీ మీదే ఉన్నాయి, నావీ అంతే, దాచుకోవడానికేమీ లేదు. ప్రాథమిక పాఠశాలల్లో చెప్పడానికి బీఎడ్ అర్హత కాదని 2023లో సుప్రీంకోర్టు చెప్పాక మాకు మిగిలింది హైస్కూలు పోస్టులే. అక్కడికొచ్చే పిల్లలు ఐదారేళ్లుగా పోగుచేసుకున్న సొంత సిద్ధాంతాలతో వస్తారు.

మా కళాశాలకు కూతవేటు దూరంలో ఒక మునిసిపల్ ఉన్నత పాఠశాల ఉంది. మధ్యాహ్న భోజనం తర్వాత ఐదుగురు పిల్లలను ఆరు నిమిషాలు మా ముందు కూర్చోబెట్టడానికి ఎవరి అనుమతి కావాలో మా ప్రిన్సిపాల్‌కూ తెలియదు, ఆ హెడ్మాస్టర్‌కూ తెలియదు. జిల్లా విద్యాశాఖాధికారి గారి కార్యాలయం ఆ ముక్క ఒక సర్క్యులర్‌గా పంపితే ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక బీఎడ్ మొదటి సంవత్సరం విద్యార్థి,
గుంటూరు