కోడ్ చూసి పార్టు మార్చేయడమేనా రిపేరంటే?

సంపాదకులకు,

పోయిన ఆదివారం కార్ల రిపేర్ల మీద మీరు వేసిన కథనం చదివాను. బయటి మెకానిక్కులు అందినకాడికి గుంజుతారు, కంప్యూటర్ ఉన్న చోటికే వెళ్లండి అని రాశారు. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా కార్ల కరెంటు పని చేస్తున్నవాణ్ణి, మాలో గుంజేవాళ్లు లేరని అనను, కానీ ఆ కంప్యూటర్ సంగతే మీరు సరిగా రాయలేదు.

మీరు కంప్యూటర్ అంటున్నది స్కానర్. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, దానికి తగిలిస్తే బండిలో ఏ తేడా ఉందో చెప్పే నంబర్లు, అంటే కోడ్‌లు వస్తాయి. పీ0301 అని వచ్చిందనుకోండి, ఒకటో సిలిండర్ మిస్ కొడుతోందని, అంటే అందులో పెట్రోలు సరిగా మండడం లేదని అర్థం, అంతే. ప్లగ్గు పోయిందా, దానికి కరెంటు ఇచ్చే కాయిల్ పోయిందా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ మూసుకుపోయిందా, వైరు ఎలుక కొరికిందా (ఎలుకల పుణ్యమా అని మాకు వచ్చే పని తక్కువేం కాదు) అది చెప్పదు. ఇప్పటి పెట్రోలు కార్లలో చాలావాటికి ఒక్కో ప్లగ్గు నెత్తిన ఒక్కో కాయిల్ ఉంటుంది. ఒకటోదాన్నీ మూడోదాన్నీ అటూ ఇటూ మార్చి, కోడ్ చెరిపేసి, బండి కాసేపు తోలితే, ఈసారి పీ0303 వచ్చిందంటే కాయిలే దొంగ. మళ్లీ పీ0301 వస్తే కాయిల్ జోలికి పోనక్కర్లేదు. పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు, అయినా ఇది చూడకుండానే నాలుగు కాయిల్స్, నాలుగు ప్లగ్గులు మార్చి బిల్లు చేతిలో పెట్టేవాళ్లు ఉన్నారు.

మొన్న వానాకాలంలో గుడివాడ నుంచి ఒకాయన కారు తెచ్చారు. ఏసీ వేస్తే వణుకుతుంది, పొద్దున్నే సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, రకరకాల కోడ్‌లు. అంతకుముందు పెద్ద సర్వీస్ సెంటర్‌లో ఇంజిన్ కంప్యూటరే పోయిందని 48 వేలు ఎస్టిమేట్ ఇచ్చారట. బ్యాటరీ చూస్తే 12.6 వోల్టులు, బ్రహ్మాండంగా ఉంది. సెల్ఫ్ కొట్టమని చెప్పి బ్యాటరీ మైనస్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య మీటర్ పెట్టాను. అక్కడ 0.2, 0.3 వోల్టులు మించకూడదు, 1.8 చూపించింది! గేర్‌బాక్స్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) బోల్టు కింద పచ్చగా చిలుం పట్టి ఉంది. ఎర్త్ సరిగా లేకపోతే కాయిల్స్‌కి నిండా వోల్టేజీ అందదు, సెన్సార్లు తప్పు లెక్కలు చెబుతాయి, పాపం ఇంజిన్ కంప్యూటర్ ఏం చేస్తుంది, తనకి తోచిన కోడ్ వేస్తుంది. ఎమరీ పేపరుతో గీకి, వైరు చివర కొత్త లగ్ వేసి 600 తీసుకున్నాను. ఆ కారు ఇప్పటికీ మిస్ కొట్టలేదు.

నేనూ తక్కువ తినలేదు లెండి. రెండు రోజులు తీయకపోతే సెల్ఫ్ తీసుకోని కారుకి నా చేతులతో కొత్త బ్యాటరీ వేశాను, వారం తిరక్కుండా అదీ పడుకుంది. తర్వాత బుద్ధి వచ్చి, లాక్ చేసి అరగంట ఆగి (లోపలి మాడ్యూళ్లన్నీ నిద్రపోవాలి, అప్పటిదాకా మీటర్‌ని నమ్మకూడదు) లీకేజీ, అంటే బండి ఆపేసినా బ్యాటరీ నుంచి పోయే కరెంటు, కొలిస్తే 300 మిల్లీ ఆంపియర్లు. 50కి మించకూడదు. బయట వేయించుకున్న మ్యూజిక్ సిస్టమ్ ఆఫ్ అవ్వడం లేదు. ఆ లెక్కన 45 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఆరు రోజుల్లో ఖాళీ. ఆయన డబ్బులు తిరిగిచ్చి ఆ బ్యాటరీ నేనే ఉంచుకున్నాను.

పాత బండ్ల పాయింట్లు, కండెన్సర్ల రోజుల్లో టెస్ట్ ల్యాంపు ఉంటే చాలు, బతికిపోయేవాళ్లం. బీఎస్-6 పొగ నిబంధన వచ్చిన 2020 ఏప్రిల్ నుంచి సెన్సార్లు, వైర్లు ఇంకా పెరిగాయి, వైరింగ్ డయాగ్రమ్ లేకుండా ఏ వైరు ఎటు పోతుందో తెలియదు. అది మాకు దొరకదు. స్పేర్లు, డయాగ్నస్టిక్ టూల్స్ బయటి మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారనే కేసులోనే 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది, తర్వాత అప్పీళ్లూ నడిచాయి. మీ కథనంలో ఈ ముక్క లేదు. డయాగ్రమ్ డబ్బులు పెట్టి కొనమన్నా కొంటాం, ఇవ్వమనండి.

కార్లున్న పాఠకులకు ఒక్క మాట. ఎవరి దగ్గరకైనా వెళ్లండి, వచ్చిన కోడ్ కాగితం మీద రాయించుకోండి, ఆ పార్టే పోయిందని ఏం కొలిచి తేల్చారో అడగండి, తీసిన పార్టు ఇంటికి తెచ్చుకోండి. అడిగితే విసుక్కునేవాడి దగ్గర, మా వాడైనా సరే, తాళం ఇవ్వకండి.

మీ రిపోర్టర్‌ని ఒకసారి పంపితే ఇవన్నీ మీటర్ పెట్టి చూపిస్తాను. పొద్దున్నే రమ్మనండి, ఎండెక్కితే షెడ్డులో బానెట్ కింద చెయ్యి పెట్టలేం.

ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
ఆటోనగర్, విజయవాడ