కొత్త పోర్టులో పాత బందరుకు చోటివ్వండి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మా బందరులో, అంటే మచిలీపట్నంలో, పోర్టు వస్తోందంటే మా అందరికీ సంతోషమే సార్, పిల్లలకు ఉన్న ఊళ్లోనే ఉద్యోగాలు దొరుకుతాయన్న ఆశ ఉంది. కానీ బందరుకు ఓడలు కొత్త కాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో మన బట్టలు ఇక్కణ్ణుంచే పర్షియా దాకా వెళ్లేవి, ఆ వ్యాపారం కోసమే డచ్చివాళ్లు దిగారు, 1611లో ఇంగ్లిష్ వాళ్లూ వచ్చి వర్తక స్థావరం పెట్టుకున్నారు. 1864 నవంబరు ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారు. అంత పెద్ద విషాదం గురించి మా పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

పోర్టు దగ్గర ఒక మ్యూజియం కట్టించండి. అద్దాల పెట్టెల్లో ఫొటోలు పెట్టి వదిలేయడం కాదు, పెడన కలంకారీ కళాకారులు అక్కడ కూర్చుని పని చేయాలి. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన బట్ట మీద టేకు అచ్చును వెంట్రుకవాసి తేడా రాకుండా ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. ఆ నల్ల గీత తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లతో వస్తుంది. అది చూస్తేనే అర్థమవుతుంది సార్, చదివితే కాదు.

బందరుకోట దగ్గరా, డచ్చి సమాధుల దగ్గరా వివరంగా తెలుగులో బోర్డులు పెట్టించండి. ఆంధ్రా బ్యాంకు 1923లో ఈ ఊళ్లోనే పుట్టిందని కూడా ఎక్కడో ఒకచోట రాయించండి. మ్యూజియానికి స్థలం మాత్రం ప్లాన్‌లో ఇప్పుడే చేర్చాలి, గోడౌన్లు లేచాక ఎవరూ ఇవ్వరు.

ఇట్లు,
ఒక బందరు వాసి