పెద్ద ట్యాంకు మూతల విషయంలో ఈ వేసవి నుంచి మా కొట్లో మారుతున్నవి

నమస్కారం అండి. విజయవాడలో మా అక్వేరియం కొట్టుకు వచ్చేవాళ్లకూ, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఫోన్‌లో ఆర్డర్ ఇచ్చేవాళ్లకూ ఈ కబురు. అయిదడుగులు, ఆరడుగుల ట్యాంకులకు ప్లైవుడ్, ఎండీఎఫ్‌తో పెట్టెలా చేయించే హుడ్‌లు ఇకమీదట ఇవ్వం. ఒకే ముక్కగా వచ్చే అక్రిలిక్ మూతలు కూడా ఆపేస్తున్నాం. ఉన్నమాట చెప్పాలంటే ట్యాంకు మీదకన్నా హుడ్ మీదే మాకు నాలుగు డబ్బులు ఎక్కువ మిగిలేవి. లామినేట్ రంగు సోఫాకు కలిసిందంటే బేరం కూడా ఆడకుండా తీసుకెళ్లేవాళ్లు. అయినా వద్దనుకోవడానికి కారణాలున్నాయి.

చెక్క హుడ్ చూపులకు బాగుంటుంది. కానీ దాని కింద రాత్రింబవళ్లు నీటి ఆవిరి. ఎండీఎఫ్ అంటే చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన బోర్డు. లామినేట్ పట్టని ఒక్క అంచు దొరికితే చాలు, తేమ పీల్చి ఉబ్బిపోతుంది. మంచి ప్లైవుడ్ ఇంకొంచెం ఎక్కువ కాలం ఆగుతుంది గానీ బందుల స్క్రూలు తుప్పు పడతాయి, ఆ తుప్పునీళ్లు ట్యాంకులోనే కారతాయి. పైగా లైటు, దాని వైర్లు అన్నీ ఆ తేమగూట్లోనే. అక్రిలిక్ సంగతి వేరు. గాజు బరువులో సగం కూడా ఉండదు, చేతిలోంచి జారినా ముక్కలవదు. కానీ కింది పక్క తేమ పీల్చి సాగుతుంది, పై పక్క లైటు వేడికి పొడిగా ఉంటుంది. దాంతో పలక వంగి అంచులు పైకి లేస్తాయి. చిన్న ట్యాంకుకు అదేమంత తెలియదు. ఆరడుగుల పలకకు మాత్రం ఆ సందులోంచి చేప దూకొచ్చు.

ఇకమీదట మూత కావాలని ఎవరొచ్చినా ముందు ఏం చేప పెంచుతున్నారని అడుగుతాం. విసుక్కోకండి. అరోవానా ఉంటే ఒక మాట, గోల్డ్‌ఫిష్ ఉంటే ఇంకో మాట. ఇంటికి కలిసొస్తుందని మన దగ్గర చాలామంది తీసుకెళ్లే సిల్వర్ అరోవానా అమెజాన్ నది చేప. అక్కడ నీళ్ల మీదకు వంగిన కొమ్మల మీది పురుగుల్ని ఎగిరి అందుకుని తింటుంది. మన హాల్లో మూత మీద బొద్దింక పాకినా, లైటు దగ్గర పురుగు తిరిగినా దానికి అదే కొమ్మ, అదే పురుగు. రెండడుగులు దాటిన చేప ఎగిరి తలతో కొట్టిందంటే తేలికపాటి పలక పక్కకు జరుగుతుంది. అందుకని అరోవానా ట్యాంకుకు బరువైన గాజు మూత, దానికి నాలుగు వైపులా క్లిప్పులు. నీళ్లు కూడా అంచు దాకా నింపకుండా అయిదారు అంగుళాలు తగ్గించి ఉంచుకోవాలి. ఇటుకలు, పూలకుండీలు బరువు పెట్టడం మానేయండి. ఏదో ఒకరోజు అవి లోపల పడతాయి.

కొర్రమీను సరదాగా పెంచేవాళ్లు కూడా వస్తుంటారు. అదీ దూకేదే. కాకపోతే అది పైకొచ్చి గాలి పీల్చుకోవాల్సిన చేప. నీటికీ మూతకీ మధ్య ఖాళీ లేకపోతే ఊపిరాడక చచ్చిపోతుంది. గౌరామీలకూ ఇదే వర్తిస్తుంది, రెండు మూడు అంగుళాల ఖాళీ వదలండి. ఆస్కార్లు, ఫ్లవర్‌హార్న్‌లు మేత చూసి ఎగురుతాయి కాబట్టి వాటికీ మూత ఉండాల్సిందే. ఉత్త గోల్డ్‌ఫిష్‌లే ఉంటే మాత్రం మా దగ్గరికి రావాల్సిన పనే లేదు. కిటికీలకు దోమల జాలి బిగించేవాళ్లతో ఒక అల్యూమినియం ఫ్రేమ్ చేయించుకోండి, ఖర్చు తగ్గుతుంది. జాలి నైలాన్‌దో ఫైబర్‌దో అయ్యుండాలి. జీఐ జాలి, అంటే జింకు పూత పూసిన ఇనుప జాలి మాత్రం వద్దు. దాని మీద పట్టిన తేమ బొట్లుగా కారేటప్పుడు జింకు కూడా నీళ్లలోకి దిగుతుంది, అది చేపలకు విషం.

ఇక గాజు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు మూత 5 మిల్లీమీటర్ల గాజులో ఒకే ముక్కగా కోయిస్తే దాదాపు 14 కిలోలు తూగుతుంది. రోజుకు రెండుసార్లు మేత వేయడానికి దాన్ని ఎవరు ఎత్తుతారు? అందుకే మేము మూడు ముక్కలుగా చేస్తున్నాం, ఒక్కోటి నాలుగున్నర కిలోల పైచిలుకు. పెద్ద ట్యాంకులకు గోడలు బయటకు ఉబ్బకుండా పైన అడ్డంగా గాజు పట్టీలు ఉంటాయి కదా, ముక్కలు వాటి మీద కూర్చుంటాయి. ముందు వైపు మేత కోసం తెరుచుకునే పట్టీ, దానికి ప్లాస్టిక్ బందు. వెనక మూలల్లో పైపులకూ వైర్లకూ కోతలు. మూత ట్యాంకు అంచు మీద కాకుండా లోపలికి ఓ అరంగుళం దిగి కూర్చునేలా చేస్తాం. అలా అయితే కింద పట్టిన తేమ తిరిగి ట్యాంకులోకే కారుతుంది, లేకపోతే అంచు మీదుగా స్టాండు మీదకు, అక్కడి నుంచి ప్లగ్గుల దాకా పోతుంది. వైరు ఏదైనా ప్లగ్గుకన్నా కిందకు ఒకసారి వేలాడి మళ్లీ పైకి రావాలి. అప్పుడు వైరు వెంట జారే నీళ్లు ప్లగ్గులోకి పోకుండా ఆ వంపు దగ్గరే కింద పడిపోతాయి.

టఫన్డ్ గాజు, అంటే వేడిచేసి గట్టిపరిచిన గాజు కావాలా అని అందరూ అడుగుతున్నారు. నన్నడిగితే చిన్నపిల్లలు, పిల్లి ఉన్న ఇళ్లకు కావాలి, మిగతావాళ్లకు అంచులు పాలిష్ చేసిన మామూలు గాజు చాలు. మామూలు గాజు పగిలితే కత్తుల్లాంటి పెద్ద పెంకులు వస్తాయి. టఫన్డ్ పగిలితే చిన్న పలుకులవుతుంది, మనుషులకు గాయాలు తక్కువ. కానీ ఆ పలుకులు ట్యాంకులో పడితే ఏరడానికి ఇసుకంతా తీయాల్సిందే. ఇంకొకటి, దాన్ని ఒకసారి టఫన్ చేశాక కోయడం గానీ రంధ్రం వేయడం గానీ కుదరదు. ఫిల్టర్ మారుస్తాననో, పైపు ఇంకో మూలకు జరుపుతాననో తర్వాత అంటే కొత్తది చేయించుకోవడమే. ఆర్డర్ ఇచ్చేముందే అవన్నీ ఖాయం చేసుకోండి.

గాజుతో ఉన్న అసలు చిక్కు వేడి. మూత ఎంత బిగుతుగా ఉంటే ఆవిరి అంత తగ్గుతుంది, ఆవిరి తగ్గితే నీళ్లు చల్లబడే దారి మూసుకుపోతుంది. ఒక లీటరు నీళ్లు ఆవిరవుతూ పట్టుకుపోయే వేడి ఎంతంటే, అంత వేడి పోతే 600 లీటర్ల ట్యాంకు దాదాపు ఒక డిగ్రీ చల్లబడుతుంది. గది వేడి మళ్లీ ఎక్కుతూనే ఉంటుంది కాబట్టి ఇంట్లో అంత కచ్చితంగా కనబడదు గానీ, తేడా మాత్రం ఉంటుంది. మే నెలలో బెజవాడ ఎండ గురించి మీకు నేను చెప్పాలా? నీళ్లు 25 డిగ్రీల్లో ఉంటే లీటరుకు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 32 డిగ్రీలకు వెళితే 7.3 మాత్రమే. అందుకని మూడు ముక్కల్లో మధ్యదానికి జోడీగా అదే కొలతలో జాలి ఫ్రేమ్ ఒకటి ఇస్తున్నాం. ఎండాకాలం గాజు తీసి జాలి పెట్టండి, నీటిమీదుగా చిన్న ఫ్యాను తిప్పండి. వానలు మొదలయ్యాక మళ్లీ గాజు. గాలిలో ఉక్క ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆవిరి సరిగా లేవదు, ఫ్యాను పెట్టినా పెద్దగా ఉపయోగం కనబడదు. ఆ రోజుల్లో ఏసీ తప్ప వేరే మంత్రం నా దగ్గర లేదు. కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగితే మూత ఏదైనా సరే కాస్త తెరిచి ఉంచండి.

జాలి పెట్టాక నీళ్లు వేగంగా తగ్గుతాయి. తగ్గినంతా బోరు నీళ్లతోనే నింపుతూ పోతే ఉప్పులు లోపలే పేరుకుపోతాయి, గాజు మీద తెల్లచారలు అందుకే. నింపడం వేరు, నీళ్లు మార్చడం వేరు అని గుర్తుంచుకోండి. మూత మీది చారలకు నిమ్మరసం చాలు, మూతను బయటకు తీసి తుడవండి. మొక్కలు పెంచేవాళ్లు ఈ పని వాయిదా వేయొద్దు, ఆ చారలు లైటును అడ్డుకుంటాయి.

తీసిన గాజు ముక్కను అటక మీద పడేయకండి. దోమల మందు వల్ల దానితో ఎప్పుడైనా పని పడుతుంది. కాయిల్స్‌లో, ప్లగ్గుకు పెట్టే ద్రావణాల్లో, స్ప్రేల్లో ఎక్కువగా వాడే పైరెత్రాయిడ్ మందులు మనుషులకు పెద్దగా ఏమీ చేయకపోయినా చేపలకు చాలా ప్రమాదం. వీధిలో ఫాగింగ్ బండి వచ్చినా, ఇంట్లో పెస్ట్ కంట్రోల్ చేయించినా గాజు మూసి, పైన తడిగుడ్డ కప్పి, ఆ కాసేపు ఎయిర్ పంపు ఆపండి. చాలామంది మూత వేస్తారు గానీ పంపు సంగతి మర్చిపోతారు. అది గదిలోని గాలినే లాగి నీళ్లలోకి పంపిస్తుంది.

డబ్బు సంగతి కూడా ముందే చెప్తున్నాను. మూడు ముక్కల గాజు, జాలి ఫ్రేమ్, బందులు, క్లిప్పులు కలిపితే పాత అక్రిలిక్ మూతకన్నా ఖరీదు ఎక్కువే అవుతుంది. సగం అడ్వాన్స్ తీసుకుంటాం. మీ ట్యాంకు కొలతకు కోసిన గాజు ఇంకొకరికి పనికిరాదు కాబట్టి వెనక్కి తీసుకోలేం. టఫన్డ్ అయితే బయట ఫ్యాక్టరీకి పంపి చేయించాలి, రోజులు పడతాయి, తొందరపెట్టకండి. ఇప్పటికే మా చెక్క హుడ్ వాడుతున్నవాళ్లు అది బాగున్నంతకాలం వాడుకోండి. బందులు, స్క్రూలు స్టీలువి మార్చి ఇస్తాం, పనివాడి కూలీ ఇస్తే చాలు. పాతదానికి ఎక్స్ఛేంజ్ మాత్రం లేదండి.

కొలతలు పంపేవాళ్లు ట్యాంకు బయటి కొలత కాకుండా లోపలి కొలత పంపండి. వెడల్పు రెండు చివర్లలోనూ, మధ్యలోనూ కొలవండి, పెద్ద ట్యాంకుల్లో నీళ్లు నింపాక మధ్యలో కొద్దిగా తేడా వస్తుంది. అడ్డపట్టీలు ఎక్కడున్నాయో, పైపులు ఏ మూలో కనబడేలా పైనుంచి ఒక ఫొటో తీసి పెట్టండి. ఊళ్లోవాళ్లయితే ఆ శ్రమ వద్దు, ఆదివారం తప్ప ఏ రోజైనా చెప్పండి, మా అబ్బాయి టేపు పట్టుకుని వచ్చి కొలుస్తాడు. కొలతకు డబ్బులు తీసుకోం.