లెక్క గోడమీద రాయించండి, సర్పంచి గారూ

సంపాదకులకు నమస్కారం.

2025 డిసెంబరులో మూడు విడతలుగా ఎన్నికలు జరిగి మా తెలంగాణ పల్లెల్లో కొత్త సర్పంచులు వచ్చారు. పాత పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి 1తో ముగిసింది. అప్పటి నుంచి దాదాపు రెండేళ్లు ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతిలోనే ఉన్నాయి. ఇప్పుడు ఎక్కడ చూసినా శాలువాలు, ఫ్లెక్సీలు. ఈ సందడి సద్దుమణగక ముందే ఒక మాట చెప్పాలని రాస్తున్నాను. నేను ముప్పై ఒక్క ఏళ్లు ఒక గ్రామ పంచాయతీలో కారోబారుగా, అంటే పన్నులు వసూలు చేసి లెక్కలు రాసే గుమాస్తాగా, చేసి దిగిపోయినవాణ్ణి. ఆరుగురు సర్పంచుల కింద ఇంటిపన్ను రసీదులు రాశాను, తీర్మానాల పుస్తకం మోశాను. ఊరు ఎవరిని నమ్మిందో, ఎవరిని నమ్మలేదో ఆ కుర్చీ పక్కన నిలబడే చూశాను.

ఆ ఆరుగురిలో చెయ్యి బాగా విదిల్చినాయన ఒకరున్నారు. పెళ్లికి పుస్తెమట్టెలు, చావుకు ఐదు వేలు, బోనాలకు డీజే, అన్నీ జేబులోంచే. ఆయన ఇంటి ముందు ఎప్పుడూ పదిమంది ఉండేవారు. రెండోసారి నిలబడితే ఓడిపోయారు. "అంత పెట్టిన్నే, నాకెందుకు వెయ్యలేదే?" అని నన్నడిగారు. నేనేం చెప్పను? ఆయన డబ్బు తిన్నవాళ్లే టీకొట్టు దగ్గర "పెట్టినదానికి పదింతలు రాబట్టుకోకుంట ఊకుంటడా" అనుకోవడం నా చెవులతో విన్నాను.

ఊరు ఇవాళ్టికీ తలుచుకునేది మరొకాయనను. ఐదెకరాల రైతు, పెద్దగా చదువుకోలేదు, మాట్లాడితే తడబాటు. గెలిచిన మొదటి నెలలోనే పంచాయతీ ఆఫీసు బయటిగోడకు ఒక నిలువెత్తు భాగం నల్లరంగు వేయించి, సుద్దముక్క నా చేతికిచ్చారు. "ప్రతి నెల ఐదో తారీకు రాయాలె. ఎంతొచ్చింది, దేనికి పోయింది, ఎంత మిగిలింది. పెద్దచ్చరాలల్ల రాయి, ముసలోళ్లకు కనవడాలె" అన్నారు. నాకు గుండెల్లో రాయి పడింది. అంతవరకు క్యాష్‌బుక్కు నా బీరువాలో ఉండేది, తాళంచెవి నా మొలతాడుకుండేది. లెక్క గోడెక్కితే కారోబారు గొప్పతనం ఇంకేముంటుంది!

రెండో నెలే తగువు వచ్చింది. తాగునీటి బోరు మోటారు కాలిపోతే రివైండింగ్‌కు 2,400 అయిందని రాశాను. ఒక కుర్రాడు సైకిల్ దిగి చదివి, "జనగామల పదిహేను వందలకే కడుతరు, ఎవల చెవుల పువ్వు పెడుతున్నరు?" అని నలుగురిలో అరిచాడు. నేను నోరు చేసుకోబోయాను. సర్పంచి నన్ను ఆపి, "అట్లనా బిడ్డా? ఈపారి కాలితే నువ్వే తీస్కపో, పైసలు నీ చేతికే ఇస్త" అన్నారు. ఎండాకాలం వోల్టేజీ సంగతి తెలిసిందేగదా, నెల తిరక్కుండానే మళ్లీ కాలింది. ఆ కుర్రాడు మోటారును ఆటోలో వేసుకుని జనగామ పోయాడు, నాలుగు దుకాణాలు తిరిగాడు, సాయంత్రానికి 2,300 బిల్లుతో దిగాడు. గోడమీద ఆ వరుస వాడే రాశాడు. ఆ తర్వాత మోటారు ఖర్చు మీద ఊళ్లో ఎవరన్నా నోరు తెరిస్తే, సర్పంచి కంటే ముందు వాడే జవాబు చెప్పేవాడు.

ఆయన అన్ని పనులూ చేశారని కాదు. ఎస్సీ వాడ మురికికాలువ ఆయన హయాంలో పూర్తి కానేలేదు. కానీ "కాదు, ఈ యేడు కాదు, గోడమీద చూడు ఎంతున్నదో" అని మొఖం మీదే చెప్పేవారు. "చేద్దాం, చూద్దాం" అని తిప్పుకునే మనిషి కాదు. విని కోపంతో వెళ్లిపోయినవాళ్లు కూడా మోసపోయామని మాత్రం ఎన్నడూ అనలేదు.

ఇప్పుడు చట్టం మాట. 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంటుంది. ఓటర్ల సంఖ్యను బట్టి కోరం, అంటే సభకు కనీసం ఇంతమంది రావాలన్న లెక్క, ఉండాలంటుంది. చెక్కు మీద సర్పంచితో పాటు ఉపసర్పంచి సంతకం కూడా ఉండాలన్నారు. ఈ ఉమ్మడి చెక్ పవర్‌తో అవినీతి ఆగుతుందనుకున్నారేమో. మా చుట్టుపక్కల ఊళ్లలో నేను చూసింది వేరు. ఇద్దరికీ పడకపోతే సఫాయి కార్మికుల జీతాలు ఆగిపోతాయి, ఇద్దరికీ పడితే ఇక అడిగేవాడుండడు. ఒకరి మీద ఒకరిని కాపలా పెట్టడం వేరు, ఊరి ముందు లెక్క విప్పడం వేరు.

గ్రామసభ సంగతి చెప్పాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. సభ పొద్దున పదకొండింటికి పెట్టేవాళ్లం. ఆ వేళకు ఊళ్లో ఎవరుంటారు? పొలానికి పోయినవాళ్లు పోగా అరుగుల మీద ముసలివాళ్లు, బడిపిల్లలు. కోరం కోసం రిజిస్టరు చంకన పెట్టుకుని ఉపాధి హామీ పని జరిగే చెరువుకట్ట మీదికి పోయి సంతకాలు, వేలిముద్రలు పట్టుకొచ్చింది నేనే. ఒక్కసారి కాదు, చాలాసార్లు. "దేనికి సారూ ఇది?" అని అడిగితే "పనిరోజులకు" అని కూడా చెప్పాను. కాగితం మీద ఆ సభలన్నీ బ్రహ్మాండంగా జరిగాయి.

మహిళా సర్పంచుల దగ్గర ఇంకో తంతు. సగం సీట్లు ఆడవాళ్లవే గానీ కుర్చీలో చాలాచోట్ల భర్తలే కనిపిస్తారు. మా ఊళ్లో ఒకామె గెలిచినప్పుడు మొదటి సభలో ఆమె భర్త మైకు తీసుకున్నారు. వెనక వరుసలోంచి ఒక ముసలవ్వ లేచి, "ఓటు నీకేసినమా బిడ్డా, నీ పెండ్లానికేసినమా?" అంది. సభంతా గొల్లుమంది. ఆయన మైకు భార్యకిచ్చి పక్కకు జరిగారు. ఆమె ఆ రోజు రెండు ముక్కలే మాట్లాడింది, అదీ వణుకుతూ. కానీ మర్నాటి నుంచి నేను చదివి వినిపించందే ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. కొన్నిసార్లు ఒకే కాగితాన్ని రెండుసార్లు చదివించేది, నాకు విసుగొచ్చేది కూడా. ఏడాది తిరిగేసరికి వాడకట్టు ఆడవాళ్లు నల్లా రాకపోతే నేరుగా ఆమె ఇంటికే పోవడం మొదలుపెట్టారు.

ఊరి ముందు లెక్క విప్పి, ఊరితో కలిసి నడపడం కుదిరే పనేనా అనేవాళ్లు వరంగల్ జిల్లా గీసుగొండ మండలం గంగదేవిపల్లికి పోయి చూడవచ్చు. 1994లో వేరే పంచాయతీ అయిన చిన్న ఊరు, తొలి పాలకవర్గంలో అందరూ ఆడవాళ్లే. నీళ్లకొక కమిటీ, పారిశుధ్యానికొక కమిటీ, ఇలా పనిపనికీ కమిటీలు వేసుకుని ఊరే నడుపుకుంది. 2007లో పారిశుధ్యానికి కేంద్రం ఇచ్చే నిర్మల్ గ్రామ్ పురస్కారం అందుకుంది. మహారాష్ట్ర అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) జిల్లా హివరే బజార్ సంగతి ఇంకా కఠినం. పోపట్‌రావ్ పవార్ 1989లో సర్పంచి అయిన ఆ కరువు ఊళ్లో ఏటా పడిన వానను లెక్కగట్టి, ఉన్న నీళ్లకు ఏ పంట వేయాలో గ్రామసభలోనే తేలుస్తారు. నీళ్లు ఎక్కువ తాగే చెరకు వద్దంటే వద్దే. రైతుకు "నీ చేలో ఆ పంట వేయకు" అని చెప్పి మెప్పించాలంటే లెక్క అందరి కళ్లముందు ఉండాలి. మైకులో అరిస్తే అయ్యే పని కాదు.

సర్పంచుల కష్టం తెలియక రాయడం లేదు. పోయిన పాలకవర్గాల కాలంలో వైకుంఠధామాలు (శ్మశానవాటికలు), డంపింగ్ యార్డులు కట్టించి, బిల్లులు రాక, మిత్తికి తెచ్చిన అప్పులు మీదపడి నలిగినవాళ్లు నాకు తెలుసు. చేసిన పని కొలతలు ఎంబీ (కొలతల పుస్తకం)లో రికార్డయి, చెక్కు ట్రెజరీలో నెలల తరబడి ఆగిపోతే ఆ మనిషి ఎవరితో చెప్పుకోవాలి? ఊరేమో "బిల్లు ఎత్తుకుని తిన్నడు" అనుకుంటుంది. గోడమీద "రావలసిన బిల్లు ఇంత" అనే ఒక్క వరుస ఉంటే ఆ నింద తప్పేది. తినని సర్పంచికే గోడ ఎక్కువ అవసరం.

లెక్కలన్నీ పంచాయతీల సర్కారీ వెబ్‌సైటు ఈ-గ్రామస్వరాజ్‌లో పెడుతూనే ఉన్నాం, ఫోన్లో చూసుకోవచ్చు గదా అని ఒక అధికారి నాతో అన్నారు. మంచిదే. నేనూ నా మనవడితో తెరిపించి చూశాను. పద్దు పేర్లు, వోచర్ నంబర్లు చూస్తే ముప్పై ఏళ్లు క్యాష్‌బుక్కు రాసిన నాకే తల తిరిగింది. బీడీలు చుట్టుకునే మా ఎదురింటామె ఏం చూస్తుంది? ఆమెకు కావలసింది "వీధిలైట్లు 12, ఒక్కోటి ఇంత, ఫలానా దుకాణం" అన్న ముక్క, అదీ నీళ్లకు పోయే దారిలో.

కొత్త సర్పంచులకు ఇచ్చే శిక్షణలో చట్టం సెక్షన్లతో పాటు ఈ గోడ సంగతి కూడా చెప్పాలని పంచాయతీరాజ్ శాఖను కోరుతున్నాను. డబ్బా నల్లరంగు, పెట్టె సుద్దముక్కలు, ఇంతకుమించి ఖర్చు లేదు. గ్రామసభను పొద్దున కాకుండా, జనం పనుల నుంచి తిరిగొచ్చే రాత్రి ఏడు గంటలకు పెట్టమని ఉత్తర్వు ఇవ్వాలి. మీ పత్రికకూ ఒక విన్నపం. జిల్లా పేజీలో మార్కెట్ ధరలు వేసినట్టే, రెండు నెలలకోసారి ఏ ఊళ్లో గ్రామసభ జరిగింది, ఎంతమంది వచ్చారు, లెక్క చదివారా లేదా అని ఊరికొక వరుస వేయండి. ఆ వివరం మాత్రం కారోబారును అడక్కండి. మీ విలేకరిని సభకు పంపి తలలు లెక్కపెట్టించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత కారోబారు,
జనగామ జిల్లా