క్యాలెండర్ ధర పెరిగింది, అక్షరం సైజూ పెరిగింది

తెనాలిలోని మా చిన్న షాపులో క్యాలెండర్లు, పెళ్ళికార్డులు తీసుకునే అందరికీ నమస్కారం.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. 2025 టేబుల్ క్యాలెండర్ మీకు 180 రూపాయలకు ఇచ్చాం. 2026 క్యాలెండర్ 220 రూపాయలు. పెరిగిన ఈ నలభై రూపాయలకు కారణం ఒక పద్యం. మీలోనే ఒకరు, రిటైరైన పెద్దాయన, ఫిబ్రవరిలో పోస్టుకార్డు మీద రాసి పంపారు.

చిత్రమెంత బాగు! చిన్నదే అక్షరం
జోడు పెట్టి కూడ చూడలేను
నవ్వు వచ్చులోపు నా కళ్ళు నీళ్ళాయె
పెద్ద చేయవయ్య పేజి పేజి

కార్డులో ఇంకేమీ లేదు. చదవగానే క్యాలెండర్ తీసి చూశాను. బొమ్మకు పేజీలో ముప్పాతిక వంతు ఇచ్చి, పద్యాన్ని తేదీలకూ బొమ్మకూ మధ్య సందులో 11 పాయింట్ల అక్షరాల్లో కుక్కాను. అప్పటికి పద్యం అంటే బొమ్మ కింద ఉండే వ్యాఖ్య అనే అనుకుంటున్నాను. ఆ ఉత్తరాన్ని బల్ల ముందు గోడకు అంటించాను. ఈసారి పద్యం 18 పాయింట్లలో వస్తుంది. దానికి పేజీ సైజు పెంచాల్సి వచ్చింది. ఇంతకుముందు ఒక షీటులో ఎనిమిది పేజీలు పట్టేవి, ఇప్పుడు నాలుగే పడతాయి. పేపరు, వైరో బైండింగ్, ప్యాకింగ్ అట్టపెట్టె అన్నిటి ఖర్చూ పెరిగింది. పేపరు మందం తగ్గించి పాత ధరకే ఇవ్వొచ్చు. కానీ పల్చటి పేజీ ఫ్యాన్ గాలికి వంగిపోతుంది. మీ బల్ల మీద అది ఏడాదంతా నిలబడాలి, అందుకే ఆ పని చెయ్యలేదు.

పద్యాల గురించి మీకు చెప్పాల్సింది చాలా ఉంది. ఐదేళ్ళు ఒట్టి కార్టూన్లతో క్యాలెండర్ వేశాను. చూసేవారు, నవ్వేవారు, "బాగుందండీ" అని ఒక మాట అనేవారు. అంతకు మించి ఏమీ వచ్చేది కాదు. 2025లో మొదటిసారి ప్రతి నెలా బొమ్మ కింద, వేమన పద్యాల నడకలో, ఒక ఆటవెలది పెట్టాను. ఇక అక్కడి నుంచి ఫోన్లే ఫోన్లు. తప్పు పట్టినవాళ్ళు, పాడి పంపినవాళ్ళు, నాలుగో పాదం మార్చి "ఇలా ఉంటే ఇంకా బాగుండేది" అన్నవాళ్ళు, పద్యానికి పద్యంతోనే జవాబిచ్చినవాళ్ళు. బొమ్మను మీరు నా దగ్గర కొనుక్కున్నారు. పద్యాన్ని మాత్రం ఇంటికి తీసుకెళ్ళి మీదిగా చేసుకున్నారు. ఇన్నేళ్ళ పనిలో నాకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

జనవరి పద్యం గుర్తుందా? ట్రాక్ సూట్ వేసుకున్న మనిషి టిఫిన్ బండి ముందు నిలబడి ఉన్న బొమ్మ.

పొట్ట తగ్గవలెను పొద్దున్న నడకంటు
పార్కు దాక పోయి బండి కాడ
ఉల్లి పెసర అట్టు ఉప్మాతొ రెండేసి
తిన్న వాని పొట్ట తిరిగి వచ్చె

నేను రాసింది ఇది. మీకు మొదట అందిన కాపీల్లో పడింది మాత్రం "తిన వాని పొట్ట". నేను ఫోనులో యూనికోడ్‌లో టైపు చేసి పంపిస్తే, అక్షరాలు కూర్చే డీటీపీ వాళ్ళు తమ ఫాంటులోకి మార్చేటప్పుడు నావత్తు ఎగిరిపోయింది. ఇలా ఒత్తులు పోవడం ఈ పనిలో మామూలే. అందుకే ప్రూఫు చూడాలి. ప్రూఫు చూసింది నేనే. రంగులు సరిగ్గా వచ్చాయా లేదా అని చూసి సంతకం పెట్టేశాను, అక్షరం అక్షరం చదవలేదు. తప్పు నాది.

దాన్ని మొదట పట్టుకున్నది తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి. వాళ్ళ నాన్న ఫోను నుంచి ఫోటో పంపింది. నోటుపుస్తకంలో పద్యం మొత్తం రాసి, అక్షరాల మీద గురువులు, లఘువులు గుర్తులు పెట్టి, నాలుగో పాదం మొదట ఎర్ర ఇంకుతో చుట్టింది. ఫోన్ చేస్తే చక్కగా వివరించింది. "అంకుల్, తిన్న అంటే గురువు, లఘువు. హగణం, సూర్యగణం అవుతుంది. తిన అంటే రెండు లఘువులే కదా, సూర్యగణం అవ్వదు. చదువుతుంటే అక్కడ కాలు జారినట్టు అనిపించింది, అందుకే గణవిభజన చేశాను." చూడండి, ముందు ఆ పిల్ల చెవికి తెలిసింది, తర్వాతే లెక్క వేసింది. ఆటవెలది ఎంచుకున్నందుకు ఆ రోజు నాకు నిజంగా ధైర్యం వచ్చింది. వేమన పద్యాలు చిన్నప్పుడు నోటికి పట్టిన ఎవరికైనా ఆ నడక ఒంట్లో ఉంటుంది. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, కింద పాదంలో ఐదూ సూర్యగణాలే అని చెప్పలేకపోవచ్చు. అయినా తూగు తప్పితే మాత్రం పట్టేస్తారు.

తర్వాత ఒక తెలుగు మాస్టారు ఫోన్ చేశారు. "నాయనా, ఉత్వసంధి నిత్యం. అట్టు పక్కన ఉప్మా వస్తే అట్టుప్మా అయి తీరాలి. విడదీసి ఎలా వేశావు? పైగా ఉప్మాతో అనాల్సింది ఉప్మాతొ అని కుదించావు." కోపంగా కాదు, ఇంట్లో పిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. నేను రెండు రోజులు కూర్చుని మూడో పాదం మార్చాను. "నేతి పెసర దోసె నిండుగా నాలుగు." సంధి గొడవ లేదు, యతి కుదిరింది, మాస్టారు శభాష్ అన్నారు. సరే కదా అని మిగిలిన కాపీల మీద ఈ పాదం స్టిక్కరు అంటించి పంపాం.

ఆ వారమంతా షాపుకు వచ్చినవాళ్ళు నన్ను నిలదీశారు. "పెసర దోసె ఏంటండీ? మన వైపు పెసరట్టు అనకుండా దోసె అనేవాళ్ళు ఎవరు?" అని ఒకరు. "ఉప్మా ఎందుకు తీసేశారు? ఉప్మా లేని పెసరట్టు ఒక పెసరట్టేనా?" అని ఇంకొకరు. కూరగాయలు తెచ్చే ఆవిడ అయితే "పాతదే బాగుంది బాబూ, నోరూరింది" అంది. నేను మీ వైపే మొగ్గాను. మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. ఒక్క క్షణం ఆగి, "తినేవాళ్ళు వాళ్ళు. సంధి నేను చెప్పాల్సిన మాట, చెప్పాను. ఉంచెయ్" అన్నారు. 2026 క్యాలెండర్ తీసుకునే ప్రతి ఒక్కరికీ ఈ పద్యం ఉప్మాతో సహా, నావత్తుతో సహా, ఒక కార్డు మీద వేసి ఉచితంగా ఇస్తున్నాను. తప్పు కాపీ వెళ్ళినవాళ్ళకు ఇది నా బాకీ.

కొందరు పెద్దలు వేరే ఛందస్సులూ సూచించారు. ఆరుద్ర గారి కూనలమ్మ పదాల్లాగా చిన్న చిన్న పాదాల్లో ప్రాసతో రాయమన్నారు. శ్రీశ్రీ గారు తెలుగులో లిమరిక్కులు (ఐదు పాదాల హాస్యపద్యాలు) కూడా రాశారని, ఆయన పుస్తకం సిప్రాలి చదవమని చెప్పారు. చదివాను, నవ్వుకున్నాను. నాకు మాత్రం ఇంకో ఏడాది ఆటవెలదితోనే ఉండాలని ఉంది. పైన చెప్పిన ఆ అమ్మాయి చెవే కారణం.

పల్నాడు నుంచి వచ్చిన ఫోను సంగతి కూడా చెప్పాలి. మార్చి పేజీ వెనక, హాస్యపద్యాలు మనకు కొత్త కాదని చెబుతూ, శ్రీనాథుడిదిగా చెప్పుకునే పల్నాటి చాటువు గురించి నాలుగు వాక్యాలు రాశాను. రాళ్ళు, పాములు, తేళ్ళు, జొన్నకూడు అంటూ సాగే పద్యం, అదీ ఆటవెలదే. నరసరావుపేట కస్టమరు ఒకాయన ఫోన్ చేశారు. "సాగర్ కుడి కాలువ వచ్చి ఎన్నేళ్ళయింది? మా ఊళ్ళో వరి పండుతోంది. మాకు జిల్లా కూడా వచ్చింది. ఇంకా ఆ పద్యమేనా?" పదిహేనో శతాబ్దపు కవి మీద ఆయన ఇవాళ ఉదయం కోపం తెచ్చుకున్నారు! ఒక పద్యం ఆరువందల ఏళ్ళ తర్వాత కూడా మనిషిని కుర్చీలోంచి లేపగలదంటే నాకు ఒళ్ళు పులకరించింది. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. కాలువ నీళ్ళు వచ్చాక పల్నాడు ఎలా ఉందో ఆయన్నే పద్యం రాయమన్నాను. రాస్తున్నారు. వస్తే 2026 మార్చి పేజీ వెనక ఆయన పద్యమే ఉంటుంది.

జూలై పద్యం గురించి రాయడం నాకు కొంచెం కష్టం.

ఆదివారమొచ్చె అబ్బాయి ఫోనొచ్చె
అమ్మ ముఖము తెరకు అంటుకొనియె
నాన్న వంతు రాగ నవ్వుతు బైబైలు
నాల్గు మాటలుండె నాల్క పైన

నవ్వు కోసమే రాశాను. బొమ్మలో అమ్మ ఫోనంతా ఆక్రమించేస్తుంది, వెనక నుంచి నాన్న మునివేళ్ళ మీద లేచి తొంగిచూస్తుంటాడు. అన్నిటికన్నా ఎక్కువ ఫోన్లు దీనికే వచ్చాయి, చేసినవాళ్ళలో ఎక్కువమంది నాన్నలే. "నా ఫోటో ఎక్కడ దొరికింది మీకు?" అని ఒకాయన పగలబడి నవ్వారు. న్యూజెర్సీలో ఉన్న ఒక అబ్బాయి మాత్రం నొచ్చుకున్నాడు. "అన్నయ్యా, నాకు ఆదివారం ఉదయం తొమ్మిదైతే అక్కడ సాయంత్రం ఆరున్నర. వారం మధ్యలో నేను లేచేసరికి నాన్న సాయంత్రం నడకకు వెళ్ళిపోతారు, నేను ఇంటికి వచ్చేసరికి అక్కడ అర్ధరాత్రి దాటుతుంది. మాట్లాడకూడదని కాదు కదా" అన్నాడు. ఆ గడియారం లెక్క నేను ఆలోచించలేదు.

తర్వాత గుంటూరు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. ఏటా మూడు క్యాలెండర్లు తీసుకుంటారు. ఆర్డరు ఇచ్చాక ఇలా అన్నారు. "బాబూ, జూలై పేజీ నేను ముందే తిప్పేశాను. ఆగస్టు పెట్టుకుని, తేదీలు మనసులో లెక్క వేసుకున్నాను. మావారు నిరుడు పోయారు. వాడికి చెప్పాలనుకున్న మాటలు ఆయన నాలుక మీదే ఉండిపోయాయి." ఆవిడ నన్ను నిందించలేదు. నాకే ఏం మాట్లాడాలో తెలియలేదు. ఫోను పెట్టేశాక మా ఆవిడకు చెబితే, "ఆ పద్యం తీసెయ్యకు, ఆవిడకు వేరే పేజీ వేసి పంపు" అంది. అలాగే చేశాను. జూలైకి జామచెట్టు మీద ఉడుతల బొమ్మ ఒకటి చేత్తో వేసి, తేదీలు కూడా చేత్తోనే రాసి పంపాను. ఈ ఏడాది నుంచి ఇది మీ అందరికీ వర్తిస్తుంది. ఏ నెల పేజీ అయినా మీ ఇంట్లో నవ్వు పుట్టించకపోతే, కారణం చెప్పక్కర్లేదు, ఒక్క ఫోన్ చెయ్యండి. ఆ నెలకు వేరే పేజీ ఉచితంగా పంపుతాను.

పెళ్ళికార్డుల మీద పద్యాలకు కూడా ఇప్పుడు ఆర్డర్లు వస్తున్నాయి, చాలా సంతోషం. కానీ పెళ్ళికూతురి రంగు మీద, పెళ్ళికొడుకు జుట్టు మీద, ఎవరి లావు మీదా పద్యం రాయను. మే నెలలో అలాంటి ఆర్డరు ఒకటి అడ్వాన్సు తిరిగి ఇచ్చేసి వదులుకున్నాను. రాసే పద్యం ఏదైనా ప్రింటుకు పోయే ముందు రెండు వైపుల వాళ్ళకూ చదివి వినిపిస్తాను. ఇద్దరూ నవ్వితేనే ప్లేట్లు చేయిస్తాను. దీనివల్ల రెండు రోజులు ఆలస్యం అవుతుంది, దయచేసి ముందుగా ఆర్డరు ఇవ్వండి.

ఇక 2026 సంగతి. మార్చి 19న ఉగాది, వచ్చేది పరాభవ నామ సంవత్సరం. "పేరు వినగానే భయంగా ఉంది, దీని మీద ఏదైనా నవ్వించే పద్యం రాయండి" అని ఇప్పటికే చాలామంది అడిగారు. రాయడానికి కూర్చుంటే నాలుగో పాదం ఒక్కటే వచ్చింది. మిగతాది నేనే పూర్తి చెయ్యొచ్చు, కానీ ఈ ఏడాది మీ ఫోన్లు విన్నాక ఆ పని మీకే ఇవ్వాలనిపించింది. సమస్యాపూరణం మన అవధానాల్లో ఉన్నదే. పాదం ఇదిగో:

ఈ పరాభవమున ఇల్లు నవ్వె

పైన మూడు పాదాలు మీరు రాయండి. గణాలు రాకపోయినా ఫర్వాలేదు, మాస్టారు, ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి ఇద్దరూ సరిచూస్తామన్నారు. దీపావళి లోపు షాపుకు పోస్టుకార్డు మీద గానీ, ఆర్డరు ఫారం వెనక గానీ రాసి పంపండి. మార్చి పేజీకి బొమ్మ వేసి, కింద 18 పాయింట్ల జాగా ఖాళీగా ఉంచాను.